కతోలిక యువజన సేవ: పిలుపును గుర్తించే సంప్రదాయ చరిత్ర

యువతీయువకుల విశ్వాస జీవితానికి తోడుగా నిలిచే పనిని కతోలిక శ్రీసభలో యువజన సేవ అంటారు. గురువులు, మఠకన్యలు, సహోదరులతో పాటు పెళ్లయి పిల్లలున్న గృహస్థులూ ఈ సేవలో ఉన్నారు. ఈ పనికి దేవుడు తనను పిలుస్తున్నాడో లేదో ప్రార్థనలో, పెద్దల సలహాతో, ఆచరణలో పరీక్షించి తెలుసుకోవడాన్ని దైవపిలుపు వివేచన అంటారు. ఈ వివేచనకు దాదాపు ఐదు వందల ఏళ్ల చరిత్ర ఉంది. అందులో తరచూ కనిపించే విషయం ఒకటుంది. పిలుపు సొంత మనసులో మొదలైనా, దాన్ని ఖాయం చేసింది మాత్రం ఎక్కువసార్లు ఇతరులే: దారి చూపిన పెద్దలు, పని అప్పగించిన శ్రీసభ, అన్నిటికన్నా ముఖ్యంగా ఎదురుగా నిలబడిన పిల్లలు.

వివేచనకు పునాది

1521లో పాంప్లోనా కోట పోరులో ఫిరంగి గుండు తగిలి ఇగ్నేషియస్ లొయోలా కాలు విరిగింది. సొంత ఇంట్లో మంచం పట్టిన ఆ స్పెయిన్ యోధుడికి చదువుకోవడానికి క్రీస్తు చరిత్ర, పునీతుల చరిత్రలు తప్ప మరేవీ దొరకలేదు. వీరకార్యాల గురించి, రాచకొలువు గురించి ఊహించుకున్నప్పుడు కలిగే సంతోషం కాసేపటికే ఆవిరైపోయేది. పునీతుల బాటలో నడవాలనే ఆలోచన వచ్చినప్పుడు కలిగే సంతోషం మాత్రం తర్వాత కూడా నిలిచేది. ఈ తేడాను గమనించడంతోనే ఆయన వివేచన పద్ధతి పుట్టింది.

ఆయన రాసిన ‘ఆధ్యాత్మిక సాధనలు’ గ్రంథాన్ని 1548లో మూడో పాల్ పోపు ఆమోదించారు. జీవిత మార్గాన్ని ఎంచుకునే సమయాలు మూడు రకాలని అందులో ఉంది. మొదటి రకంలో సందేహానికి తావులేని స్పష్టత దానంతటదే వస్తుంది. రెండో రకంలో మనసుకు కలిగే ఓదార్పును, వెలితిని కొంతకాలం గమనిస్తూ దారి తెలుసుకోవాలి. మూడో రకంలో మనసు నిమ్మళంగా ఉన్నప్పుడు లాభనష్టాలను బేరీజు వేసి నిర్ణయించుకోవాలి. నేటికీ యువజన సేవకుల కోసం జరిపే ధ్యానవడకాల్లో ఈ మూడు మార్గాలనే నేర్పుతున్నారు.

ట్యూరిన్‌లో డాన్ బోస్కో

యువజన సేవకు మారుపేరుగా నిలిచిన పునీత జాన్ బోస్కో 1815 ఆగస్టు 16న ఇటలీలోని బెక్కీ పల్లెలో పుట్టారు. రెండేళ్లు నిండకముందే తండ్రి చనిపోయారు. తల్లి మార్గరీటా వ్యవసాయం చేసి పిల్లలను పెంచింది. తొమ్మిదో ఏట ఆయనకు ఒక కల వచ్చింది. కొట్లాడుకుంటున్న పిల్లలను దెబ్బలతో కాక ప్రేమతో దారికి తెచ్చుకోమని ఆ కలలో ఎవరో తనకు చెప్పినట్టు ఆయన తర్వాత రాసుకున్నారు.

కల వచ్చినంత మాత్రాన దారి తేలిపోలేదు. ఒక దశలో ఆయన ఫ్రాన్సిస్కన్ సభలో చేరాలనుకున్నారు. 1841 జూన్ 5న గురుపట్టం పొందాక కూడా దూరదేశాలకు మిషనరీగా వెళ్లాలన్న కోరిక లాగుతూనే ఉంది. ఆ సమయంలో ఆయనకు ఆధ్యాత్మిక మార్గదర్శిగా ఉన్నది గురువు జోసెఫ్ కఫాస్సో. యువ గురువులకు శిక్షణ ఇస్తూ, ట్యూరిన్ చెరసాలల్లో ఖైదీలకు సేవ చేస్తున్న కఫాస్సో తన శిష్యుణ్ణి కూడా ఆ చెరసాలలకు తీసుకెళ్లారు. మీసమైనా రాని కుర్రాళ్లు అక్కడ కటకటాల వెనక కనిపించారు. విడుదలైన వాళ్లలో కొందరు పట్టించుకునేవారు లేక మళ్లీ అక్కడికే వస్తున్నారు. బయట వీళ్లకు ఒక స్నేహితుడు ఉండి ఉంటే ఇలా జరిగేదా అనే ప్రశ్న బోస్కోను వదల్లేదు.

1841 డిసెంబర్ 8న ట్యూరిన్‌లోని అసీసీ పునీత ఫ్రాన్సిస్ దేవాలయంలో ఆయన బలిపూజకు సిద్ధమవుతున్నారు. పూజలో సహాయం చేయడం రాదన్నందుకు ఒక కుర్రాణ్ణి అక్కడి పరిచారకుడు కొట్టి తరిమేశాడు. బోస్కో అతణ్ణి వెనక్కి పిలిపించారు. పేరు బార్తొలొమియో గారెల్లి, తల్లిదండ్రులు లేరు, తాపీ పని చేసుకుంటూ బతుకుతున్నాడు. చదవడం, రాయడం, పాడటం వచ్చా అని అడిగితే ఏదీ రాదన్నాడు. ఈల వేయడం వచ్చా అని అడిగేసరికి నవ్వాడు. పూజ అయ్యాక ఆ రోజే సత్యోపదేశం మొదలైంది. తన సేవకు అదే ఆరంభమని బోస్కో చెప్పుకునేవారు.

ఇలా చేరిన పిల్లల గుంపుకు చాలాకాలం నిలువ నీడ లేదు. చివరికి 1846లో వాల్డొక్కోలో పినార్డి అనే ఆసామి షెడ్డు అద్దెకు దొరికింది. అదే ఏడాది బోస్కో తీవ్రంగా జబ్బుపడితే పిల్లలు రాత్రింబవళ్లు ప్రార్థించారు. కోలుకున్నాక, ఇకపై తన ఊపిరంతా వాళ్లకోసమేనని ఆయన మాట ఇచ్చారు.

పిల్లలే సేవకులైన వేళ

1859 డిసెంబర్‌లో బోస్కో తనతో ఉన్న యువకులకు మఠసభగా ఏర్పడదామనే ప్రతిపాదన పెట్టి, ఆలోచించుకోవడానికి కొన్ని రోజులు గడువిచ్చారు. జొవాన్ని కల్యెరో అనే యువకుడు వసారాలో చాలాసేపు అటూ ఇటూ తిరిగి, మఠవాసి అనిపించుకున్నా సరే, అనిపించుకోకపోయినా సరే, బోస్కోతోనే ఉండాలని తేల్చుకున్నాడు. డిసెంబర్ 18న 18 మందితో సలేసియన్ సభ ఏర్పడింది. వాళ్లలో చాలామంది బోస్కో దగ్గర పెరిగిన కుర్రాళ్లే. 1875లో అర్జెంటీనాకు బయలుదేరిన తొలి మిషనరీ బృందానికి కల్యెరోయే నాయకుడు. 1915లో ఆయన కార్డినల్ అయ్యారు.

బాలికల సేవ కోసం 1872లో మరియ దొమెనిక మజ్జరెల్లోతో కలిసి బోస్కో మరో సభను స్థాపించారు. పెళ్లయినవారు, ఉద్యోగులు తమ తమ ఇళ్లలో ఉంటూనే ఇదే సేవ చేసేందుకు 1876లో సలేసియన్ సహకారుల సంఘం మొదలైంది. బోస్కో 1888లో మరణించారు. 1934లో శ్రీసభ ఆయనను పునీతుడిగా ప్రకటించింది.

కార్మిక యువతలో కార్డైన్

బెల్జియంలో పుట్టిన జోసెఫ్ కార్డైన్‌కు పిలుపు ఒక గాయంగా ఎదురైంది. గురువిద్యార్థిగా సెలవులకు ఇంటికి వస్తే, అప్పటికే ఫ్యాక్టరీల్లో చేరిన చిన్ననాటి స్నేహితులు ఆయనను పరాయివాడిలా చూశారు. 1903లో, కష్టపడి కుటుంబాన్ని పోషించిన తండ్రి మరణశయ్య పక్కన, తన జీవితాన్ని కార్మికులకే అంకితం చేస్తానని ఆయన ప్రతిజ్ఞ చేశారు. 1906లో గురువయ్యారు. 1912లో బ్రస్సెల్స్ చెంత ఉన్న లాకెన్ విచారణకు (పారిష్‌కు) వచ్చి, పనిచేసే యువతీయువకులను చిన్న బృందాలుగా కూడగట్టారు.

ఆ బృందాల నుంచే యువ క్రైస్తవ కార్మిక ఉద్యమం రూపుదిద్దుకుంది. 1925లో పదకొండో పయస్ పోపు దానికి మద్దతు పలికారు. చూడు, విచారించు, ఆచరించు అన్నది కార్డైన్ పద్ధతి. ఉద్యమ నాయకులు అదే ఫ్యాక్టరీల యువతలోంచి వచ్చారు. గురువు వాళ్లకు తోడుగా ఉండేవాడు.

మహాసభ తర్వాత

ఈ అనుభవమే రెండవ వాటికన్ మహాసభ పత్రాల్లోకి వచ్చింది. 1965 నవంబర్ 18న వెలువడిన గృహస్థుల ప్రేషితసేవ పత్రం, యువతకు తొలి ప్రేషితులు యువతే కావాలని కోరింది. దాంతో యువజన సేవను మఠ జీవితంతో నిమిత్తం లేని పిలుపుగా గుర్తించే దారి మరింత విశాలమైంది. అమెరికా పీఠాధిపతులు 1976లోనూ 1997లోనూ యువజన సేవకు మార్గదర్శకాలు ఇచ్చారు. శ్రీసభలో పూర్తికాలం పనిచేసే గృహస్థుల ఎంపిక, శిక్షణ, నియామకాల గురించి 2005లో ప్రత్యేక పత్రం విడుదల చేశారు.

ఈ చరిత్రలో చేదు అధ్యాయమూ ఉంది. కొందరు గురువులు బాలలపై చేసిన లైంగిక అకృత్యాలు, వాటిని కప్పిపుచ్చిన తీరు బయటపడ్డాక, 2002లో అమెరికా పీఠాధిపతులు బాలల రక్షణ నియమావళిని ఆమోదించారు. అక్కడ పిల్లల మధ్య పనిచేయాలనుకునేవారి గత చరిత్రను తనిఖీ చేయడం, వారికి రక్షణ శిక్షణ ఇవ్వడం తప్పనిసరి అయ్యాయి. తనకు పిలుపు వచ్చిందని ఎవరైనా చెప్పుకుంటే, ఆ మాట ఒక్కటే చాలదని శ్రీసభ భారీ మూల్యం చెల్లించాక గ్రహించింది.

యువత, విశ్వాసం, దైవపిలుపు వివేచన అన్న అంశంపై 2018 అక్టోబర్‌లో రోమ్‌లో పీఠాధిపతుల సభ జరిగింది. దాని ఫలంగా 2019 మార్చి 25న ఫ్రాన్సిస్ పోపు లొరెటోలో ‘క్రీస్తు జీవిస్తున్నాడు’ అనే ప్రబోధంపై సంతకం చేశారు. అందులో ఏడో అధ్యాయం యువజన సేవ గురించి, ఎనిమిదోది పిలుపు గురించి, తొమ్మిదోది వివేచన గురించి.

భారతదేశంలో, తెలుగు నేలపై

సలేసియన్లు 1906లో తంజావూరుకు రావడంతో డాన్ బోస్కో సంప్రదాయం భారతదేశంలో అడుగుపెట్టింది. 1992లో హైదరాబాద్ కేంద్రంగా వారి ప్రావిన్స్ ఏర్పడింది. అంతకు మూడేళ్ల ముందే విజయవాడలో నవజీవన్ బాలభవన్ మొదలైంది. ఇల్లు వదిలి రైళ్లెక్కి ఆ పెద్ద జంక్షన్‌లో దిగిపోయే పిల్లలను ప్లాట్‌ఫారం మీదే పలకరించి, నీడ, చదువు, చేతిపని చూపించడం అక్కడి పని. ట్యూరిన్ వీధుల్లో తాపీ పని కుర్రాళ్లతో బోస్కో మొదలుపెట్టిన సేవ తెలుగు నేలపై రైల్వే స్టేషన్ల దగ్గర ఇలా కొనసాగింది.