రోడ్డు ప్రక్క సమాధి

నర్సీపట్నము నుండి మన్యమునకు బోవువారికి కృష్ణదేవిపేట యొద్ద తాండవ నదీ ప్రాంతమున అల్లూరి సీతారామరాజు సమాధి కానవచ్చును. అనుచరులైన గాము సోదరుల సమాధులును అచటనే యున్నవి. ఆ వీరుని చరిత్ర మొదటినుండియు రోడ్డుతోడనే ముడివడి యుండుట గమనింపదగినది.

1882 నాటి మద్రాసు అటవీ చట్టము కొండవారి పోడు సేద్యమునకు అడ్డుగోడ యయ్యెను. దానికితోడు నర్సీపట్నము, చింతపల్లి రోడ్డు పనులలో గూడెము డిప్యూటీ తహసీలుదారు బాస్టియను తగిన కూలి నీయక గిరిజనులచే చాకిరి చేయించెను. సారా వర్తకులును, వడ్డీ వ్యాపారులును మైదానమునుండి వచ్చినవారే. ఈ నిజమును డెల్టావాసులు దాచుకొనదగదు.

సీతారామరాజు 1897 జూలై 4న పాండ్రంగిలో మాతామహుల యింట జన్మించెను. స్వగ్రామము భీమవరము చెంతనున్న మోగల్లు. తండ్రి రాజమహేంద్రవరమున ఛాయాచిత్రకారుడు. కడియమునకు కొద్ది క్రోసుల దూరముననే బాల్యము కొంత గడచినది. మన్యము చేరినపిదప అతడు మొదట బోధకుడు: మద్యము మానుడనియు, తగవులను కోర్టులకు గాక పంచాయతీలలో తీర్చుకొనుడనియు చెప్పెను. ఆ బోధకే కొండ ప్రజలు తలయొగ్గిరి. విల్లంబులు పిమ్మటి మాట. నేటివారు చలనచిత్రముల మూలమున ఈ వరుస మరచుట విచారకరము.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషనులు వరుసగా అతని వశమైనవి. 26 తుపాకులు, 2500కు పైగా తూటాలు చేజిక్కెను. తీసికొనిన వస్తువులను స్టేషను పుస్తకమున వ్రాసి సంతకము చేసెననుట ప్రసిద్ధము. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవార్డు, హైటరు అను దొరలు హతులైరి. మలబారు ప్రత్యేక పోలీసు దళము సైతము అతని నణచజాలకపోవగా, 1924లో అస్సాము రైఫిల్సు దళమును దింపిరి. అతని తలకు 10,000 రూపాయల వెల కట్టిరి. నాటి కాంగ్రెసు నాయకులు హింసామార్గమని దూరముగ నుండిరి. ఆశ్రయమిచ్చి, ఆహారమిచ్చి, దండనలకు గురియైనది కొండ గ్రామములే.

1924 మే 7న మంప యొద్ద రాజు పట్టుబడెను. కొయ్యూరున న్యాయవిచారణ లేకయే మేజరు గూడాలు అతనిని కాల్పించెను. అతని శరీరమును కృష్ణదేవిపేటకు దెచ్చి అచట అంత్యక్రియలు నెరపిరి. మరుసటి నెలలో గంటందొరయు నేలకొరిగెను.

భీమవరమున 2022 జూలై 4న 30 అడుగుల కాంస్య విగ్రహము ఆవిష్కృతమైనది. దాని నందరు నెరుగుదురు. తాండవ చెంతనున్న ఆ మూడు సమాధులలో ఒకటి మల్లుదొరది. అండమానులో శిక్ష యనుభవించి తిరిగివచ్చిన ఆ మల్లుదొర 1952లో విశాఖపట్టణము నుండి లోకసభకు ఎన్నికయ్యెను.