ఎద్దు ఆగిన చోటు: చాందా రాతినేలపై చదును పనిముట్ల చరిత్ర

తెలుగు రైతు నోట పదును అనే మాటకు రెండర్థాలు. వాన పడి, నీరు ఇంకి, మట్టి పిడికిట్లో ముద్ద కట్టి వేలితో తాకగానే పొడిగా రాలిపోతుంటే నేల పదును మీద ఉందంటాడు. కర్రు మొన మొద్దుబారితే కొలిమికి పట్టుకుపోయి పదును పెట్టించుకుంటాడు. నేల తడికీ ఇనుము గట్టిదనానికీ ఒకే మాట ఎలా కుదిరిందో భాషావేత్తలు చెప్పాలి గానీ, ఆ రెండింటి చుట్టరికం రాతినేల దున్నినవాడికి ఒకరు చెప్పనక్కర్లేదు. నేలకు పదును లేనప్పుడు దిగితే ఇనుముకు పదును నిలవదు.

ఈ సంగతి చంద్రపూర్ జిల్లాలో కనిపించినంత స్పష్టంగా మరోచోట కనిపించదేమో. రాజురా ప్రాంతం 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో, మన ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది. రాష్ట్రాల పునర్విభజనలో మొదట నాందేడ్ జిల్లాకు, 1959లో చాందా జిల్లాకు, అంటే ఇప్పటి చంద్రపూర్‌కు, మారింది. జివతి తాలూకాలోని కొన్ని ఊళ్లు మావంటే మావని మహారాష్ట్ర, తెలంగాణ రెండూ అంటూనే ఉన్నాయి. పైన గీతలు ఎన్ని మారినా కింద రాయి మాత్రం కదల్లేదు. ఆదిలాబాద్ అడుగున ఉన్న పెన్‌గంగా సున్నపురాయే కోర్పనా అడుగునా ఉంది. గఢ్‌చాందూర్, ఆవార్‌పూర్ సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది ఆ రాయిని నమ్ముకునే. మాణిక్‌గఢ్ గుట్టల మీద దక్కన్ నల్లరాయి, దాని మీద చాలాచోట్ల జానెడు మట్టి. వార్ధా లోయ పొడవునా ఇసుకరాయి, దాని పొరల మధ్య బొగ్గు. తూర్పున నాగ్‌భీడ్, సిందేవాహి వైపు వరి నేలల కింద పలుగురాయి కలిసిన పాతకాలపు గట్టిరాయి. ఒక్క జిల్లాలో ఇన్ని రకాల రాళ్లుంటే, ఒక చోట పదేళ్లు నిలిచిన బ్లేడు ఇంకో చోట రెండు వేసవులకే ఎందుకు పోతుందో అర్థమవుతుంది.

రాతి గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలబద్ద మీద సున్నపురాయిలోని కాల్సైట్ 3 దగ్గర ఉంటుంది, పలుగురాయి 7 దగ్గర. పనిముట్లకు వాడే ఉక్కు ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. అందుకే పలుగురాతి ఇసుక ఉన్న నేల ఉక్కును ఆకురాయిలా నిదానంగా అరగదీస్తుంది. సున్నపురాయి అంతగా అరగదీయదు. కానీ అది నేలలో బండలుగా, పలకలుగా పాతుకుని ఉంటుంది, తగిలితే ఒక్క దెబ్బకు విరుస్తుంది. అరుగుదలా, విరగడమూ రెండు వేరువేరు జబ్బులు. అరుగుదలకు మందు గట్టిదనం. విరగడానికి మందు సాగే గుణం. ఒక ఉక్కుకు మొదటిది పెంచితే రెండోది తగ్గుతుంది. ఈ పనిముట్ల చరిత్రంతా ఈ పేచీ తీర్చుకోవడానికి మనిషి పడిన పాట్లే.

తరతరాలుగా ఈ నేలల్ని సర్దింది గుంటక. తెలంగాణలో గుంటుక అంటారు, మరాఠీవాళ్లు వఖర్ అంటారు. బరువైన కొయ్య దిండు, దానికి దిగేసిన రెండు కాళ్లు, వాటి అడుగున అడ్డంగా ఇనుప పాస, అంతే. పాస మట్టి కింద జారుతూ కలుపు కోస్తుంది, పెళ్లలు చితుపుతుంది, చిన్న మిట్టపల్లాలు సర్దుతుంది. వరి మళ్లలో ఆ పని జంబు అనే పనిముట్టుది. ఇలాంటి మాటల్ని జిల్లా జిల్లా నుంచి ఏరి భద్రిరాజు కృష్ణమూర్తి కూర్చిన మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటం 1962లో వచ్చింది. ట్రాక్టరు మన ఊళ్లను ముంచెత్తకముందే ఆ పని జరగడం తెలుగువాళ్ల అదృష్టం. ఇంకో ముప్పై ఏళ్లు ఆగి ఉంటే అడిగి చెప్పించుకోవడానికి మనుషులు ఉండేవాళ్లు గానీ, చూపించడానికి పనిముట్లు ఉండేవి కావు.

గుంటక పాస రాతికి తగిలితే ఏమయ్యేది? ముందు ఎద్దులు ఆగేవి. కాడి మెడ మీద బిగుసుకోగానే వాటి అడుగు నిలిచిపోయేది. రైతు గుంటకను ఎత్తి, రాయి దాటించి, మళ్లీ దించేవాడు. ఒకవేళ ఎద్దులు ఊపు మీద లాగేసినా మోకు సాగేది, లేదా కొయ్య మేకు విరిగేది. పాస వంగితే కమ్మరి కాల్చి సరిచేసేవాడు. తెగేవీ విరిగేవీ అన్నీ ఊళ్లో దొరికే చవక వస్తువులు. ఆ పనిముట్టులో అసలైన రక్షణ ఇనుములో లేదు, ఎద్దు ఆగడంలో ఉంది. నా దృష్టిలో ఈ కథకు కీలకం ఇదే. తర్వాత వచ్చిన ప్రతి మంచి యంత్రమూ ఆ ఆగడాన్ని ఏదో ఒక రూపంలో తిరిగి తెచ్చుకునే ప్రయత్నం.

ఈ ప్రయత్నం ట్రాక్టరు కంటే ముందే మొదలైంది. దక్షిణ ఆస్ట్రేలియాలో యార్క్ ద్వీపకల్పం కూడా సున్నపురాళ్ల నేలే, పైగా నరికినా చావని మాలీ చెట్ల మొద్దులు. అక్కడ నాగళ్లు విరిగి విరిగి విసిగిపోయిన రిచర్డ్ బోయర్ స్మిత్ 1876లో కర్రును బిగించి కాకుండా కీలు మీద వేలాడదీశాడు. మొద్దో రాయో తగిలితే కర్రు పైకి లేచి దాన్ని దాటుతుంది, బరువు వల్ల మళ్లీ కిందికి దిగుతుంది. మొద్దు దూకే నాగలి అని దానికి పేరొచ్చింది. రాయిని ఓడించడం మాని దానికి తలవంచిన మొదటి పనిముట్లలో అదొకటి.

రెండో దారి లోహంలో దొరికింది. చాందా జిల్లాలో లోహారా దగ్గర మేలైన ఇనుప రాతి నిల్వలు ఉన్నాయి. ఇక్కడి ఇనుము పరిశ్రమ గిట్టుబాటవుతుందా అన్నదాని మీద 1882లో రిట్టర్ ఫాన్ ష్వార్జ్ నివేదిక రాశాడు. సరిగ్గా అదే ఏడాది ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ మాంగనీస్ ఉక్కును కనుగొన్నాడు. సుమారు 12 శాతం మాంగనీస్ ఉన్న ఆ ఉక్కుకు దెబ్బ తగిలేకొద్దీ పైపొర గట్టిపడుతుంది, లోపల మాత్రం సాగే గుణం పోదు. రాళ్లు నలిపే క్రషర్ దవడలకూ, రాయి తవ్వే యంత్రాల పళ్లకూ ఈ ఉక్కు వాడుకలోకి వచ్చింది. పొలం పనిముట్లకు వచ్చేసరికి ధరే అడ్డు. వాటికి తర్వాతి కాలంలో వేడిచేసి పదును పెట్టిన బోరాన్ ఉక్కు చాలావరకు సరిపోయింది.

అసలు మలుపు హ్యారీ ఫెర్గూసన్‌ది. ఉత్తర ఐర్లండుకు చెందిన ఈయన కాలంలో ట్రాక్టరు వెనక నాగలిని గొలుసుతోనో కడ్డీతోనో తగిలించేవాళ్లు. నాగలి బండకు తట్టుకుంటే ఇంజను లాగుతూనే ఉండేది, ముందు చక్రాలు గాల్లోకి లేచి ట్రాక్టరు వెనక్కి తిరగబడేది, కింద డ్రైవరు నలిగిపోయేవాడు. ఫెర్గూసన్ 1920ల మధ్యలో పేటెంటు తీసుకున్న పద్ధతిలో పనిముట్టును మూడు బిందువుల దగ్గర పట్టుకుని హైడ్రాలిక్ లిఫ్టుతో నడిపించాడు. కింద రెండు చేతులు, పైన ఒక టాప్ లింకు. పనిముట్టు రాతికి తగలగానే వెనక చక్రాల మీది బరువు తగ్గిపోతుంది, చక్రాలు అక్కడే తిరుగుతాయి, బండి ముందుకు పోదు. ఎద్దు ఆగినట్టే ట్రాక్టరూ ఆగుతుంది! ఈ పద్ధతితో 1936లో ఫెర్గూసన్-బ్రౌన్, 1939లో ఫోర్డ్ కంపెనీతో కలిసి 9ఎన్, 1946లో టీఈ20 వచ్చాయి. ఈ రోజు మన ఊళ్లలో తిరిగే ప్రతి ట్రాక్టరు వెనకా ఆ మూడు చేతులే ఉన్నాయి.

మన దేశంలో మాత్రం మొదటి పెద్ద అడుగు ఈ దారిన పడలేదు. 1947లో ఏర్పడిన సెంట్రల్ ట్రాక్టర్ ఆర్గనైజేషన్ యుద్ధంలో మిగిలిన అమెరికన్ సైనిక ట్రాక్టర్లతో మధ్య భారతంలో రెల్లు పట్టిన బీళ్లను పెకలించే పని పెట్టుకుంది. 1949లో ప్రపంచ బ్యాంకు దీనికోసం కోటి డాలర్ల అప్పు ఇచ్చింది. చాందా అప్పట్లో మధ్య రాష్ట్రాల పాలనలో ఉండేది. అదే 1949లో ఈ జిల్లాలోనే వరోరా దగ్గర, రాళ్లూ పొదలూ తప్ప ఏమీ లేని 50 ఎకరాల మీద బాబా ఆమ్టే ఆనందవన్‌కు పునాది వేశారు. వెంట ఉన్నది ఆరుగురు కుష్ఠు రోగులు, ఒక కుంటి ఆవు, 14 రూపాయలు. వేళ్లు పోయిన చేతులతో వాళ్లు రాళ్లు ఏరి ఆ నేలను పంటకు తెచ్చారు. పక్కపక్కనే జరిగిన ఈ రెండు పనుల్లో రాతినేల గురించి నాకు ఎక్కువ నేర్పేది రెండోదే. ఎంత పెద్ద యంత్రం వచ్చినా రాయి ఏరే పని దానికి ముందు ఉండాల్సిందే.

తర్వాత దేశంలోనే ట్రాక్టర్ల తయారీ మొదలైంది. 1959లో ఐషర్, 1960లో మాసే ఫెర్గూసన్ సాంకేతికతతో మద్రాసులో టాఫే, 1960లలోనే ఎస్కార్ట్స్, మహీంద్రా వచ్చాయి. వాటి వెనక కల్టివేటర్, తర్వాత రోటవేటర్, బ్లేడు వచ్చాయి. కల్టివేటర్‌కు స్మిత్ ఆలోచన స్ప్రింగుల రూపంలో అందింది. రాయి తగిలితే కొంకి వెనక్కి వంగి, దాటాక తిరిగి నిలబడుతుంది. రాతి పొలానికి స్ప్రింగు కల్టివేటర్ తప్ప బిగుతు కొంకులది కొనకూడదని చెప్పడానికి సందేహించను. రోటవేటర్ మూలం కూడా ఆస్ట్రేలియాదే, 1912లో ఆర్థర్ క్లిఫర్డ్ హోవర్డ్ మొదలుపెట్టిన ప్రయోగాలది. అది మెత్తని నేల బిడ్డ. వేగంగా తిరిగే బ్లేడు బండను కొడితే ఆ దెబ్బ, ఇంజను శక్తిని పనిముట్టుకు అందించే పీటీఓ షాఫ్టు మీదుగా గేర్‌బాక్సు దాకా పోతుంది. జివతి లాంటి గుట్టల పొలాల్లో దానికి చోటు లేదు.

ఇక చదును బ్లేడు. దీనికి స్ప్రింగూ లేదు, కీలూ లేదు. ఆరడుగుల బ్లేడును ఏటవాలుగా తిప్పి పొలంలో దించితే, దాని కొస ఒక పలకరాతికి తగిలినప్పుడు ఆ దెబ్బ మూడడుగుల మీటలా మధ్య పిన్నును మెలిపెడుతుంది. పైగా ఎద్దులు గంటకు రెండుమూడు కిలోమీటర్లు నడుస్తాయి, ట్రాక్టరు ఐదారు. వేగం రెండింతలైతే దెబ్బలోని శక్తి నాలుగింతలు, ట్రాక్టరు బరువు దీనికి అదనం.

వేసవిలో ఇక్కడి రోడ్డు పక్క వెల్డింగ్ షాపు ముందు పడేసి ఉన్న బోల్టు ముక్కను ఒకటి చేతిలోకి తీసుకుని విరిగిన ముఖం చూడండి. చాలాసార్లు సగం ముఖం నున్నగా, తుప్పుతో నల్లబడి ఉంటుంది. మిగతా సగం బెల్లం విరిచినట్టు గరుకుగా, మెరుస్తూ ఉంటుంది. నల్లటి భాగం నెలల కిందటే పుట్టిన బీట, దెబ్బ దెబ్బకూ కంటికి కనిపించనంత కొద్దిగా పాకుతూ వచ్చింది. మెరిసే భాగం ఆ రోజు విరిగింది. డ్రైవరు ఆ రోజు రాయిని తిడతాడు గానీ బోల్టు చావడం మొదలై చాలాకాలమైంది. బ్లేడు అంచుకు వేసిన అతుకు కథా ఇంతే. పదును పెట్టిన ఉక్కును మామూలు రాడ్డుతో అతికిస్తే అతుకు నిలుస్తుంది, దాని పక్కన కాలిన గీత మాత్రం పెళుసవుతుంది. మళ్లీ విరిగేది అక్కడే.

ఇందులో డబ్బు లెక్క కూడా ఉంది. ట్రాక్టరు గంట కిరాయి మీద నడుస్తుంది. గంటకు డబ్బిచ్చే రైతుకు తొందర, పై పొలానికి పోవాల్సిన డ్రైవరుకు తొందర. నిదానంగా, రెండో గేరులో, లాగుడు భారాన్ని బట్టి పనిముట్టును ఎత్తి దించే డ్రాఫ్ట్ కంట్రోల్ లివరు సరిచూసుకుని పని చేస్తే ఫెర్గూసన్ పెట్టిన రక్షణ పనికొస్తుంది. ఆ లివరు వైపే చూడని డ్రైవర్లు ఎక్కువ. పని కూడా చాలావరకు ఎండలు మండే ఏప్రిల్, మే నెలల్లో జరుగుతుంది. ఎండిన రేగడి ఇటుకలా బిగిసి ప్రతి రాయినీ పట్టుకుని ఉంటుంది. తొలకరి పడి రెండుమూడు రోజులు గడిచాక అదే రాయి బ్లేడు ముందు దొర్లిపోతుంది. మరీ ఆలస్యమై వానలు ముదిరితే రేగడి జిగురై బ్లేడుకు అంటుకుంటుంది. మధ్యలో మిగిలే ఆ కొద్ది రోజులనే మన పెద్దలు పదును అన్నారు. రేగడి ఉబ్బుతూ కుంచించుకుపోతూ అడుగు రాళ్లను ఏటేటా పైకి తోస్తుంది కాబట్టి, ఒకసారి ఏరిన పొలాన్ని మళ్లీ ఏరుకోవాల్సిందే.

మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో 1955 నుంచి, అనంతపురం జిల్లా గార్లదిన్నెలో 1983 నుంచి ప్రభుత్వ యంత్ర పరీక్షా సంస్థలు ఉన్నాయి. రోటవేటర్ బ్లేడ్ల గట్టిదనాన్నీ అరుగుదలనూ అవి కొలుస్తాయి. రాళ్లున్న నేలకు ప్రత్యేకంగా ఒక పరీక్ష పెట్టి, దాని ఫలితాన్ని తెలుగులోనూ మరాఠీలోనూ పనిముట్టు మీదే అచ్చువేయించాలని ఆ సంస్థలను కోరుతున్నాను.

రైతులకు ఒక్క మాట. బోల్టు తల మీద 4.6, 8.8, 10.9 అనే అంకెలు ఉంటాయి. అంకె పెరిగేకొద్దీ బోల్టు బలం పెరుగుతుంది. పీటీఓ షాఫ్టులో భారం మించితే ముందు తానే విరిగి యంత్రాన్ని కాపాడాల్సిన షియర్ బోల్టు విరిగితే, మళ్లీ విరగకూడదని 10.9 బిగిస్తుంటారు. అప్పుడు బోల్టు నిలుస్తుంది, గేర్‌బాక్సు పోతుంది. ఈ వేసవిలో ట్రాక్టరు మీ చేలో దిగేముందు ఆ బోల్టు తల మీది అంకె ఒకసారి చూడండి. కంపెనీ పుస్తకంలో ఉన్న అంకె కాకపోతే మార్పించాకే పని మొదలుపెట్టించండి.