నల్ల పెట్టెలో ఇరవై ఏళ్లు

తొంభై నిమిషాల క్యాసెట్టు అది. పాటలన్నీ అయిపోయాక చివర్లో కీచుమని ఒక మోత మొదలవుతుంది. పాత ఫ్యాక్స్ మిషన్ అవతలి మిషన్‌తో మాట్లాడుతున్నట్టు ఉంటుంది. బ్రిటన్ రాక్ బ్యాండ్ రేడియోహెడ్ పాటల్లో వింత చప్పుళ్లు కొత్తేమీ కాదు కాబట్టి ఇదీ సంగీతంలో భాగమే అనుకున్నవాళ్లు ఉండే ఉంటారు. కానీ అది కంప్యూటర్ ప్రోగ్రామ్. 1982లో బ్రిటన్‌లో జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్ అని ఒక చిన్న హోమ్ కంప్యూటర్ వచ్చింది. దానికి మామూలు టేప్ రికార్డర్‌ను తీగతో తగిలించి క్యాసెట్టు తిప్పితే, ఆ శబ్దమే ప్రోగ్రామ్‌గా లోపలికి వెళ్లేది. సున్నాకు పొట్టి అల, ఒకటికి దానికి రెట్టింపు పొడవున్న అల. అభిమానులు ఈ కీచుమోతను స్పెక్ట్రమ్‌లోకి ఎక్కించి చూస్తే తెర మీద బ్యాండ్ సభ్యుల పేర్లు, 1996 డిసెంబర్ 19 అనే తేదీ వచ్చాయి. లోపల సులువుగా కంటపడకుండా దాచిన మాట ఇంకొకటి ఉంది. రహస్యం కనిపెట్టినందుకు అభినందనలు చెప్పి, మనం కాస్త బయట తిరగాలేమో అని తమ మీద తామే వేసుకున్న చమత్కారం అది.

ఈ క్యాసెట్టు విడిగా అమ్మింది కాదు. ‘ఓకే కంప్యూటర్’ ఆల్బమ్‌కు ఇరవై ఏళ్లు నిండాయని 2017లో రేడియోహెడ్ తెచ్చిన నల్ల పెట్టెలో ఒక వస్తువు. పెట్టె పేరు ‘ఓకేనాటోకే’. అందులో మూడు బరువైన ఎల్పీ రికార్డులు, గట్టి అట్ట వేసిన బొమ్మల పుస్తకం, గాయకుడు థామ్ యార్క్ అప్పట్లో రాసుకున్న కాగితాలతో 104 పేజీల నోటుబుక్కు, కవర్ బొమ్మల కోసం గీసిన చిత్తుగీతలు 48 పేజీలు ఉన్నాయి. పెట్టె మీద కాలిపోయిన ‘ఓకే కంప్యూటర్’ బొమ్మ. పుట్టినరోజు పూట ఇలాంటి బొమ్మ వేసుకునేవాళ్లు తక్కువ.

వార్షికోత్సవం పేరుతో వచ్చే ఇలాంటి రీఇష్యూలంటే నాకు పెద్ద గురి లేదు. పాత పాటలకు కొత్త అట్ట వేసి, అదే అభిమాని జేబును రెండోసారి తడమడమే వాటిలో ఎక్కువ. ‘ఓకే కంప్యూటర్’ విషయంలో ఆ వ్యాపారమూ జరిగింది, ఎనిమిదేళ్ల తర్వాత దానికి జవాబూ వచ్చింది. అది తెలియాలంటే ముందు 1996కి వెళ్లాలి.

ఆక్స్‌ఫర్డ్ దగ్గరి అబింగ్డన్ స్కూల్లో కలిసి చదివిన ఐదుగురు రేడియోహెడ్. ‘క్రీప్’ అనే ఒక్క పాట వాళ్లను ప్రపంచమంతా తిప్పింది, ఆ పాటంటేనే విసుగు పుట్టేదాకా తిప్పింది. రెండో ఆల్బమ్ ‘ది బెండ్స్’ మీద మంచి పేరు వచ్చాక, మూడోది తామే నిర్మించుకుంటామన్నారు. తోడుగా నైజెల్ గాడ్రిచ్ అనే పాతికేళ్ల కుర్రాణ్ని తెచ్చుకున్నారు. సౌండ్ ఇంజనీరుగా వచ్చినవాడు సహనిర్మాతగా మిగిలాడు.

మొదటి మకాం డిడ్‌కాట్ దగ్గర ఒక యాపిల్ షెడ్డు. దాన్నే రిహార్సల్ గదిగా మార్చుకున్నారు. మరుగుదొడ్డి లేదు, కూర్చుని తినడానికి చోటు లేదు. అయినా అక్కడే నాలుగు పాటలు రికార్డు చేశారు. ఆగస్టులో గాయని అలానిస్ మోరిసెట్ కచేరీలకు ముందు వాయించడానికి అమెరికా వెళ్లి, ఇంకా పూర్తికాని పాటల్ని వేల మంది ముందు సరిచూసుకున్నారు. తిరిగొచ్చి సెప్టెంబర్‌లో బాత్ నగరం దగ్గర సెయింట్ క్యాథరిన్స్ కోర్ట్ అనే పాత బంగళాలో దిగారు. నటి జేన్ సీమోర్‌ది ఆ బంగళా. నాట్యశాలలో తెల్లవారుజామున మూడింటికి ‘లెట్ డౌన్’ రికార్డు చేశారు. ‘ఎగ్జిట్ మ్యూజిక్’ పాటకు యార్క్ రాతి మెట్ల దగ్గర నిలబడి పాడాడు. ఆ పాటలో వినిపించే ప్రతిధ్వని యంత్రం ఇచ్చింది కాదు, ఆ మెట్లదే. రాతి గోడల మీద గాడ్రిచ్‌కు మోజు తర్వాత కూడా పోలేదు. 2015లో వచ్చిన ‘జునూన్’ ఆల్బమ్‌ను గిటారిస్టు జానీ గ్రీన్‌వుడ్, స్వరకర్త షై బెన్ జూర్, రాజస్థానీ వాద్యకారులతో కలిసి ఆయన జోధ్‌పూర్ మెహ్రాన్‌గఢ్ కోటలో రికార్డు చేశాడు.

ఆల్బమ్ విన్న అమెరికా రికార్డు కంపెనీ నీరుగారిపోయింది. రేడియోలో తిప్పడానికి పనికొచ్చే పాట ఏదీ లేదని, అమ్మకాల అంచనాను 20 లక్షల నుంచి 5 లక్షలకు తగ్గించుకుంది. 1997 జూన్ 16న ఆల్బమ్ బ్రిటన్‌లో విడుదలై చార్టులో నేరుగా మొదటి స్థానంలో కూర్చుంది. మిగతా కథ అందరూ చెప్పేదే.

తక్కువమంది చెప్పేది టేపుల కథ. రికార్డు కంపెనీ ఈఎంఐతో ఒప్పందం ప్రకారం పాటలు రాసింది, పాడింది బ్యాండ్ అయినా, మాస్టర్ రికార్డింగులు కంపెనీవి. 2003లో ఆరో ఆల్బమ్‌తో ఆ ఒప్పందం ముగిసింది. 2007లో టెర్రా ఫర్మా అనే పెట్టుబడి సంస్థ ఈఎంఐని కొనేసింది. కొత్త ఒప్పందం మీద మాటలు నడిచాయి గానీ కుదరలేదు. విపరీతమైన డబ్బు అడిగారని కంపెనీ వైపు నుంచి మాట వచ్చింది. అడిగింది డబ్బు కాదు, మా పాత పాటల్ని ఎలా వాడాలో చెప్పే హక్కు అని యార్క్ జవాబిచ్చాడు. అదే ఏడాది అక్టోబర్ 10న బ్యాండ్ ‘ఇన్ రెయిన్‌బోస్’ను, మీకు తోచినంత ఇచ్చి తీసుకోండి అంటూ సొంతంగా ఇంటర్నెట్‌లో పెట్టింది.

ఈఎంఐ ఊరుకోలేదు. ఆ డిసెంబర్‌లోనే పాత ఆల్బమ్‌లన్నీ కలిపి ఒక సెట్టు తెచ్చింది, మరుసటి ఏడాది ‘ది బెస్ట్ ఆఫ్’ అని ఏరికూర్చిన పాటలు తెచ్చింది. 2009లో మొదటి మూడు ఆల్బమ్‌లకు ‘కలెక్టర్స్ ఎడిషన్’ వేసింది. రెండు సీడీలు, ఒక డీవీడీ. బి-సైడ్లు, బీబీసీలో వాయించినవి, వీడియోలు అందులో పెట్టారు. బ్యాండ్ చెయ్యి పడలేదు, పాటల్ని కొత్తగా రీమాస్టర్ చేయలేదు. న్యాయంగా చెప్పాలంటే ఆ సెట్టు మరీ తీసిపారేసేది కాదు. అంతకుముందు సింగిల్స్‌లో చెల్లాచెదురుగా ఉన్న పాటలు వెతుక్కోవాల్సినవాళ్లకు అన్నీ ఒకేచోట దొరికాయి. కానీ అందులో ఉన్నదంతా కంపెనీ అలమరలో అప్పటికే ఉన్న సరుకే. బ్యాండ్ ఇంట్లో ఏముందో దానికి తెలియదు.

తర్వాత ఆ అలమరే చేతులు మారుతూ పోయింది. అప్పుల్లో మునిగిన ఈఎంఐని 2011లో సిటీగ్రూప్ స్వాధీనం చేసుకుంది. 2012లో రికార్డుల విభాగాన్ని యూనివర్సల్ కొంది. ఒకే కంపెనీ గుప్పిట్లో ఇంత సంగీతం ఉండకూడదని యూరప్ నియంత్రణ సంస్థ పట్టుబట్టడంతో, రేడియోహెడ్ పాటలున్న పార్లోఫోన్ 2013లో వార్నర్‌కు పోయింది. ఆ బేరానికి స్వతంత్ర కంపెనీల అభ్యంతరం రాకుండా కొందరి పాటల్ని వాటికి వదులుతామని వార్నర్ ఒప్పుకుంది. అలా 2016లో రేడియోహెడ్ పాత ఆల్బమ్‌లు ఎక్స్ఎల్ అనే స్వతంత్ర కంపెనీ చేతికి వచ్చాయి. బ్యాండ్ కొత్త ఆల్బమ్‌ను అప్పుడే విడుదల చేసింది కూడా ఎక్స్ఎల్లే. ఇరవయ్యో ఏడు సరిగ్గా ఎదురుగా ఉంది.

2017 ఏప్రిల్ చివర్లో రకరకాల నగరాల గోడల మీద నల్ల పోస్టర్లు వెలిశాయి. వాటి మీద 1997, 2017 అన్న అంకెలు ఉన్నాయి. మే 2న అసలు సంగతి బయటపెట్టారు. అసలు ఆల్బమ్‌లోని 12 పాటలు, 8 బి-సైడ్లు, అంతవరకు ఎన్నడూ విడుదల కాని మూడు పాటలు, అన్నీ అసలు అనలాగ్ టేపుల నుంచి మళ్లీ మాస్టర్ చేసినవి.

ఆ మూడు పాటల కోసం అభిమానులు ఇరవై ఏళ్లు కాచుకున్నారు. ‘ఐ ప్రామిస్’ సాదాసీదా గిటారు పాట. ‘మ్యాన్ ఆఫ్ వార్’ను 1998 నాటి ‘ది అవెంజర్స్’ సినిమా కోసం రికార్డు చేయబోయి మధ్యలో వదిలేశారు. ఆ విసుగంతా ‘మీటింగ్ పీపుల్ ఈజ్ ఈజీ’ డాక్యుమెంటరీలో కనిపిస్తుంది. మూడోది ‘లిఫ్ట్’. మోరిసెట్ కచేరీల్లో ఈ పాట మొదలవగానే జనం ఊగిపోయేవాళ్లు. స్టూడియోకొచ్చేసరికి అది హిట్టవుతుందన్న భయమే పాటను చంపేసిందని గిటారిస్టు ఎడ్ ఓబ్రయన్ 2017లో చెప్పాడు. ‘క్రీప్’ దెబ్బ తిన్నవాళ్లు ఇంకో ‘క్రీప్’ను చేతులారా కిందికి తొక్కేశారన్నమాట. కంపెనీ ఏ పాట లేదని బెంబేలెత్తిందో, సరిగ్గా ఆ పాట వాళ్ల సంచిలోనే ఉంది.

నాకు మాత్రం ఈ సెట్టులో ‘హౌ ఐ మేడ్ మై మిలియన్స్’ దగ్గర చెయ్యి ఆగిపోతుంది. అది కొత్తది కాదు, 1998 నాటి బి-సైడే. యార్క్ ఇంట్లో పియానో దగ్గర కూర్చుని మినీడిస్క్‌లో రికార్డు చేసుకున్న చిత్తుప్రతి. మాటలు సగం సగమే వినిపిస్తాయి. వెనకాల వంటింట్లో ఎవరో పని చేసుకుంటున్న చప్పుళ్లు, గిన్నె తగిలిన శబ్దం. అది ఆయన సహచరి రేచల్ ఓవెన్ వంట పని. స్టూడియోలో శుభ్రంగా మళ్లీ పాడదామని అనుకోలేదు, ఉన్నది ఉన్నట్టే వేసేశారు. ఆమె చిత్రకారిణి, దాంతే మీద పరిశోధన చేసిన విదుషి. 2016 డిసెంబర్‌లో క్యాన్సర్‌తో పోయింది. ఈ పునర్విడుదలను ఆమె స్మృతికే అంకితమిచ్చారు. ఈ పాట 2009 సెట్టులోనూ ఉంది. కానీ అక్కడ అది బి-సైడ్ల జాబితాలో ఒక వరుస. ఇక్కడ ఆ గిన్నెల చప్పుడు వింటుంటే వాళ్లకు ఎలా ఉండి ఉంటుందో అనిపిస్తుంది.

పెట్టెలోని చిత్తుగీతల పుస్తకం చూస్తే కవర్ ఎలా తయారైందో కొంత బోధపడుతుంది. యార్క్, చిత్రకారుడు స్టాన్లీ డాన్‌వుడ్ కలిసి కంప్యూటర్ మీద గీశారు. పెట్టుకున్న నియమం ఒక్కటే: గీసింది చెరపకూడదు. తప్పనిపిస్తే దాని మీద తెల్లరంగు పూయాలి, అంతే. ఆ తెల్లటి పొరల కింద కనిపించే రహదారుల ముడి ఎక్కడిదన్నది చాలాకాలం చిక్కుముడిగానే ఉంది. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రం హార్ట్‌ఫర్డ్ నగరంలోని ఇంటర్‌స్టేట్ 84 అని అభిమానులు తేల్చింది కూడా 2017లోనే.

జూన్ 23న ‘ఓకేనాటోకే’ సీడీ, డిజిటల్ రూపాల్లో విడుదలైంది. అదే రాత్రి బ్యాండ్ గ్లాస్టన్‌బరీ సంగీతోత్సవం వేదిక మీద ఉంది. ఇరవై ఏళ్ల కిందట అదే ఉత్సవంలో, బురదలో, మానిటర్లు చెడిపోయి తన గొంతు తనకే వినిపించక యార్క్ మధ్యలో దిగిపోబోయిన కచేరీని జనం ఇప్పటికీ తలుచుకుంటారు. ఈసారి అలాంటి గొడవేమీ లేదు. ‘ఓకేనాటోకే’ బ్రిటన్ చార్టులో రెండో స్థానానికి ఎక్కింది. నల్ల పెట్టెలు జూలైలో ఇళ్లకు చేరాయి.

కథ ఇక్కడితో ముగిస్తే బ్యాండ్ తన అలమర తానే తెరిచిందని సంతోషించవచ్చు. కానీ 2019 జూన్‌లో, ‘ఓకే కంప్యూటర్’ రోజుల్లో యార్క్ నింపుకున్న మినీడిస్కుల నిల్వ దొంగల పాలైంది. లక్షా యాభై వేల డాలర్లు ఇవ్వకపోతే బయటపెడతామన్నారని జానీ గ్రీన్‌వుడ్ ప్రకటించాడు. ఆ బెదిరింపు సంగతి మీద తర్వాత వేరే కథనాలూ వచ్చాయి. ఏమైనా, బ్యాండ్ డబ్బు ఇవ్వలేదు. సుమారు 18 గంటల ఆ రికార్డింగులన్నీ తామే బ్యాండ్‌క్యాంప్‌లో పెట్టి, 18 రోజులు, 18 పౌండ్లు అన్నారు. వచ్చిన సొమ్ము పర్యావరణ ఉద్యమం ఎక్స్‌టింక్షన్ రెబెలియన్‌కు. ఇవి జనం వినాలని దాచినవి కావు, పైగా మరీ పొడుగు అని గ్రీన్‌వుడ్ ముందే హెచ్చరించాడు.

ఆయన చెప్పింది చాలావరకు నిజమే. గొణుగుడు, సగంలో తెగిపోయిన స్వరాలు, కచేరీ ముక్కలు గంటలకొద్దీ ఉన్నాయి. వాటి మధ్య ‘లిఫ్ట్’ కూడా ఉంది, ఒకటి కాదు, చాలా రకాలుగా. 2017లో ఏరి పెట్టెలో పెట్టింది కాస్త నెమ్మదైనది, తలవంచుకు పాడినట్టు ఉంటుంది. మినీడిస్కుల్లో దొరికినవాటిలో ఒకటి గొంతు పైకెత్తి, గిటార్లు నిండుగా, స్టేడియం కోసమే పుట్టినట్టు ఉంది. అంటే పెట్టె తెరిచిన రోజున కూడా ఆ పాట మీద 1996 నాటి భయం వాళ్లను పూర్తిగా వదల్లేదేమో. అభిమానులు చాలామంది ఆ రెండోదానికే ఓటేశారు. నా ఓటూ దానికే. 1997లో అది ఆల్బమ్‌లో పడివుంటే అమెరికా కంపెనీ తన అంచనాను 5 లక్షలకు దించుకునే పనిలేకపోయేది.