ఎండు పండ్లు, ఎండు మాంసం, ఒక యుద్ధం: పెమ్మికన్ కథ

కెనడాలో సస్కటూన్ అని ఒక సిటీ ఉంది. మనవాళ్లు చాలామంది చదువుకోడానికి కూడా వెళ్తుంటారు. ఆ పేరు ఏ రాజుదో, గవర్నర్‌దో కాదు, ఒక అడవి పండుది! క్రీ అనే ఆదివాసీ భాష నుంచి వచ్చింది. పండు శనగగింజంత ఉంటుంది, ముదురు ఊదా రంగు. నది ఒడ్డున పొదలకి గుత్తులుగా కాస్తుంది.

అక్కడ చలికాలం మైనస్ 30 వరకూ పోతుంది. నెలల తరబడి పచ్చి పండు కనపడదు. అందుకే క్రీ ఆడవాళ్లు వేసవిలోనే కోసుకొచ్చి, ఎండలో పరిచి ఎండబెట్టేవాళ్లు. బూజు పెరగాలంటే తడి కావాలి. తడి తీసేస్తే పండు నిలవుంటుంది. లాజిక్ అంతే. చలికాలంలో వాటినే నీళ్లలో ఉడికించుకునేవాళ్లు.

కానీ అసలు ఐటమ్ పెమ్మికన్. బైసన్, అంటే అక్కడి అడవి దున్న, దాని మాంసాన్ని పల్చగా కోసి ఎండబెడతారు. రాళ్లతో దంచి పొడి చేస్తారు. కరిగించిన కొవ్వు పోసి కలిపి, తోలు సంచిలో కూరి కుట్టేస్తారు. మేలురకం చేయాలంటే అందులో ఈ ఎండు పండ్లు పడాలి. ఒక్కో సంచి సుమారు 40 కిలోలు. ఫ్రిజ్ లేకుండా ఏళ్ల తరబడి పాడవదు!

ఇక్కడే గొడవ మొదలైంది. తోళ్ల వ్యాపారం చేసే నార్త్ వెస్ట్ కంపెనీ మనుషులు పొద్దంతా పడవలు తోస్తారు, వేటాడే టైమ్ ఉండదు. వాళ్లకి పెమ్మికనే పెట్రోల్. అది చేసి అమ్మేది ఎక్కువగా మెటీలు, అంటే ఆదివాసీ, యూరోపియన్ కుటుంబాలు కలిసి పుట్టిన జాతి.

1814 జనవరిలో రెడ్ రివర్ కాలనీ గవర్నర్ మైల్స్ మెక్‌డొనెల్ ఒక ఆర్డర్ వేశాడు: పెమ్మికన్ బయటికి పోకూడదు. స్కాట్లండ్ నుంచి వచ్చిన తన జనానికి తిండి చాలట్లేదు, అది నిజమే. కానీ మెటీలకి అది బతుకుతెరువు. వాళ్లని అడిగిందెవరు?

1816 జూన్ 19న, ఇప్పటి విన్నిపెగ్‌లో ఉన్న సెవెన్ ఓక్స్ దగ్గర, పెమ్మికన్ తీసుకెళ్తున్న మెటీలకి కొత్త గవర్నర్ సెంపుల్ ఎదురొచ్చాడు. కాల్పులు జరిగాయి. సెంపుల్‌తో కలిపి ఆ వైపు 21 మంది పోయారు, మెటీల వైపు ఒక్కరు. చాలాకాలం దీన్ని మెటీలు చేసిన ఊచకోత అనే రాశారు. విచారణ చేసిన కోల్ట్‌మన్ మాత్రం మొదటి తూటా దాదాపు ఖాయంగా సెంపుల్ మనుషులదే అన్నాడు. నాకు కోపం తెప్పించేది ఇదే. రిపోర్ట్ ఉంది, అయినా పాత పేరే నడిచింది.

1821లో రెండు కంపెనీలూ కలిసిపోయాయి. 1880ల నాటికి బైసన్ మందలు దాదాపు అంతరించాయి, వాటితోపాటే పెమ్మికన్ వ్యాపారమూ పోయింది. పొదలు మాత్రం ఇంకా కాస్తున్నాయి. సస్కటూన్‌లో ఉన్నవాళ్లు ఎవరైనా ఆ పండు తిన్నారా? రుచి ఎలా ఉందో కామెంట్‌లో చెప్పండి.