నెపోలియన్ దాచేసిన నెపోలియన్ విగ్రహం

ఒక చక్రవర్తి తన సొంత విగ్రహాన్ని చూసి, జనానికి చూపించొద్దని ఆర్డర్ వేశాడు. ఈ రోజు ఆ కథే చెప్తాను.

1802లో నెపోలియన్ ఇటలీ నుంచి ఆంటోనియో కనోవా అనే శిల్పిని పారిస్‌కి పిలిపించాడు. పాలరాతి పనిలో అప్పుడు యూరప్ మొత్తానికీ ఆయనే నంబర్ వన్. నెపోలియన్‌ని ఎదురుగా కూర్చోబెట్టుకుని ముఖం నమూనా చేసుకున్నాడు. గొడవ ఎక్కడొచ్చిందంటే, బట్టల దగ్గర! యూనిఫాంలో చెక్కమన్నాడు నెపోలియన్. కనోవా ఒప్పుకోలేదు. ఇప్పుడు మనం నియోక్లాసికల్ అంటున్న పద్ధతి ఆయనది. పాత గ్రీకు, రోమన్ శిల్పాలే ఆదర్శం. యూనిఫాం ఫ్యాషన్ పదేళ్లలో మారిపోతుంది, దేవుడి ఒంటికి పాతబడటం ఉండదు అని వాళ్ల లెక్క. అందుకే నెపోలియన్‌ని రోమన్ల యుద్ధ దేవుడు మార్స్‌గా చెక్కాడు. ఒంటి మీద ఒక అంజూరపు ఆకు, చేతి మీద వేలాడే ఒక వస్త్రం. అంతే!

ఆయన పని చేసే తీరు కూడా చెప్పాలి. ముందు మట్టి నమూనా, దాన్నుంచి ప్లాస్టర్ పోత. ఆ పోత మీద గుర్తులు పెట్టి, కొలతలు రాయి మీదకి ఎక్కించేవాళ్లు. రాయిని రఫ్‌గా చెక్కేది సహాయకులు. చర్మంలా కనిపించే ఆ చివరి నునుపు మాత్రం కనోవా చేతిది.

1806లో రోమ్‌లో పని పూర్తయింది. పారిస్‌కి చేరేసరికి 1811. ఎత్తు 3.45 మీటర్లు, అంటే 11 అడుగుల పైనే. అప్పటికి నెపోలియన్‌కి నలభై దాటాయి, పొట్ట వచ్చేసింది. ఎదురుగా చూస్తే కండలు తిరిగిన దేవుడు! మరీ పహిల్వాన్‌లా ఉందని, జనం చూడకుండా లూవ్‌ర్‌లోనే దాచేయించాడు. నన్నడిగితే ఈ విషయంలో నెపోలియన్‌దే కరెక్ట్. జనం నవ్వితే సింహాసనానికే ఎసరు కదా.

1815లో వాటర్లూ యుద్ధంలో ఓడిపోయాడు. 1816లో బ్రిటిష్ ప్రభుత్వం ఆ విగ్రహాన్ని 66,000 ఫ్రాంకులకి కొనేసింది. అప్పుడు రాజు బదులు పాలిస్తున్న యువరాజు జార్జ్‌కి కనోవా శిల్పాలంటే పిచ్చి. ఆయన కనోవా చేత చేయించుకున్న మార్స్, వీనస్‌ల జంట శిల్పం ఇప్పటికీ బ్రిటన్ రాజకుటుంబం దగ్గరే ఉంది. కానీ ఈ నెపోలియన్‌ని మాత్రం తన దగ్గర ఉంచుకోలేదు. ఎవరికిచ్చాడో తెలుసా? వాటర్లూలో నెపోలియన్‌ని ఓడించిన వెల్లింగ్టన్‌కి!

ఈ వెల్లింగ్టన్ మనకి కొత్తవాడేం కాదు. 1799లో టిప్పు సుల్తాన్ మీద యుద్ధానికి నిజాం సైన్యాన్ని నడిపించిన ఆర్థర్ వెల్లెస్లీయే ఈయన. లండన్‌లో ఆయన ఇల్లు ఆప్స్‌లీ హౌస్. విగ్రహం బరువుకి కింద నేలని గట్టిపరచాల్సి వచ్చింది. మేడ మీదకి ఎక్కిన ప్రతిసారీ, తను ఓడించిన శత్రువు బట్టల్లేకుండా మెట్ల పక్కనే కనిపిస్తాడు. ఇప్పుడా ఇల్లు మ్యూజియం. విగ్రహం ఇంకా ఆ మెట్ల పక్కనే ఉంది.