దీపం ఉండగానే: అమెరికా నేలబొగ్గు చరిత్ర నుంచి ఒక పాఠం

కరెంటు ఎక్కడి నుంచి రావాలన్న ప్రశ్న మీద ఈ దేశంలో వాదోపవాదాలు జోరుగా సాగుతున్నాయి. ఎండ, గాలి చౌక అని ఒకరు, సహజవాయువు లేనిదే గడవదని ఇంకొకరు, అణువిద్యుత్తుకు మళ్ళీ మంచిరోజులు వచ్చాయని వేరొకరు. వీటన్నిటిలోనూ ధరల లెక్కలు, టన్నుల లెక్కలు వినిపిస్తాయి. ఒక లెక్క మాత్రం అరుదుగా వినిపిస్తుంది. ఒక ఇంధనం వెనకబడి పోతున్నప్పుడు, దాన్ని తవ్వి తీసేవాడి ఒంటికి ఏమవుతుంది? ఊపిరితిత్తుల జబ్బులు చూసే వైద్యుణ్ణి కనుక నాకు ఈ ప్రశ్న మీద ఆసక్తి కలిగింది. అమెరికా నేలబొగ్గు చరిత్ర తిరగేస్తే జవాబు ఒకసారి కాదు, రెండుసార్లు కనిపించింది. ఆ సంగతే ఈ వ్యాసంలో పాఠకుల ముందు పెడుతున్నాను.

కట్టెల నుంచి బొగ్గుకు

అమెరికా మొదట కట్టెల దేశం. అడవులకు కరువు లేదు కనుక వంటకు, చలిమంటకు, ఆవిరి పడవలకు, తొలినాటి రైళ్ళకు అన్నిటికీ కట్టెలే వాడేవారు. 1885 ప్రాంతంలో నేలబొగ్గు కట్టెలను దాటింది. అంతకు మూడేళ్ళ ముందు, 1882 సెప్టెంబరు 4న, న్యూయార్కులోని పెర్ల్ స్ట్రీటులో ఎడిసన్ పెట్టిన విద్యుత్ కేంద్రం మొదటిసారి దీపాలు వెలిగించింది. ఆ కేంద్రం నడిచింది బొగ్గు మీదే. అంటే ఊరికి కరెంటు అమ్మడం మొదలైన నాటి నుంచీ బల్బు వెనక బొగ్గు పొయ్యి ఉన్నదన్నమాట.

రైళ్ళు, ఉక్కు ఫ్యాక్టరీలు, ఇళ్ళలో చలి పొయ్యిలు అన్నీ బొగ్గు మీదే ఆధారపడ్డ ఆ కాలంలో గనుల్లో పనిచేసేవారి సంఖ్య పెరుగుతూ పోయి, 1923లో ఎనిమిదిన్నర లక్షలు దాటింది. ఇటలీ, పోలండు, హంగరీల నుంచి వలస వచ్చినవారు, దక్షిణ రాష్ట్రాల నుంచి వచ్చిన నల్లవారు వారిలో ఎందరో ఉన్నారు. ప్రమాదాలు తరచుగా జరిగేవి. 1907 డిసెంబరు 6న వెస్ట్ వర్జీనియాలోని మొనాంగా గనుల పేలుడులో చనిపోయినవారు అధికార లెక్క ప్రకారమే 362 మంది. ఇటువంటి ఘోరాల తరవాత 1910లో కేంద్ర ప్రభుత్వం బ్యూరో ఆఫ్ మైన్స్ అనే శాఖను నెలకొల్పింది. పేలుడు శబ్దం వాషింగ్టనుకు వినిపించింది. గనివాడి దగ్గు వినిపించడానికి ఇంకా చాలాకాలం పట్టింది.

బొగ్గు ధూళి చేసే పని

ఆ దగ్గు సంగతి రెండు మాటల్లో చెప్తాను. పీల్చిన ధూళిలో పెద్ద రేణువులు ముక్కులోను, శ్వాసనాళాల్లోను చిక్కుకుని కఫంతో బయటికి వచ్చేస్తాయి. మిల్లీమీటరులో రెండువందలో వంతు కంటే చిన్నవి మాత్రం ఊపిరితిత్తుల చివరి గాలిగదుల దాకా వెళ్తాయి. వాటిని మింగి శుభ్రం చేయడానికి అక్కడ ఒక రకం కణాలు కాపలా ఉంటాయి. ధూళి వాటి శక్తికి మించితే అవి దెబ్బతిని, ఆ చోట మచ్చకట్టడం మొదలవుతుంది. స్పాంజిలా మెత్తగా ఉండవలసిన ఊపిరితిత్తి గట్టిపడుతుంది. జబ్బు ముదిరితే చిన్న మచ్చలు కలిసి పెద్ద గడ్డలవుతాయి. గనిలో పని మానేసిన తరవాత కూడా ఇది పెరగవచ్చు. దీన్ని నయం చేసే మందు లేదు. ఆక్సిజను ఇవ్వగలం, కొద్దిమందికి ఊపిరితిత్తుల మార్పిడి చేయగలం, అంతే.

కార్మికులు దీన్ని గనివాడి ఉబ్బసం అనేవారు. తరవాత బ్లాక్ లంగ్ అన్న పేరు స్థిరపడింది. రాతి ధూళి వల్ల వచ్చే సిలికోసిస్ ఒక్కటే అసలు జబ్బనీ, బొగ్గు ధూళి వల్ల పెద్ద హాని లేదనీ అప్పటి అమెరికా వైద్యుల్లో చాలామంది నమ్మారు. గని ఊళ్ళలో డాక్టర్లకు జీతం ఇచ్చేది చాలాచోట్ల కంపెనీయే అన్న సంగతి కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి. బ్రిటన్‌లో సౌత్ వేల్స్ గనుల్లో పరిశోధనలు జరిపి, బొగ్గు ధూళి వల్లనే జబ్బు వస్తుందని తేల్చుకుని, 1943 నుంచి పరిహారం ఇవ్వసాగారు. అదే ధూళి, అదే ఊపిరితిత్తి. అయినా అట్లాంటిక్ ఇవతలి ఒడ్డున కేంద్ర చట్టం దాన్ని జబ్బుగా ఒప్పుకోవడానికి మరో 26 ఏళ్ళు పట్టింది.

బొగ్గు మొదటిసారి వెనకబడిన కాలం

రెండో ప్రపంచయుద్ధం తరవాత బొగ్గుకు గడ్డురోజులు వచ్చాయి. 1950 నాటికి పెట్రోలియం దాన్ని దాటింది. రైల్వేలు ఆవిరి ఇంజన్లు తీసేసి డీజిలు ఇంజన్లు పెట్టుకున్నాయి. యుద్ధకాలంలో టెక్సాస్ నుంచి తూర్పుకు చమురు తేవడానికి వేసిన రెండు పెద్ద పైపులైన్లను 1947లో సహజవాయువుకు మార్చారు. ఇళ్ళలో బొగ్గు పొయ్యిలు పోయి గ్యాసు వచ్చింది.

నగరాల గాలికి ఇది మేలే చేసింది. 1939 నవంబరు 28న సెయింట్ లూయిస్‌లో బొగ్గు పొగకు పట్టపగలే వీధి దీపాలు వెలిగించుకోవలసి వచ్చింది. 1948 అక్టోబరులో పెన్సిల్వేనియాలోని డొనోరాలో జింకు, ఉక్కు ఫ్యాక్టరీల పొగ పైకి పోలేక లోయలోనే నిలిచిపోయి 20 మంది ప్రాణాలు తీసింది. వేలమంది జబ్బుపడ్డారు. పట్నవాసి ఊపిరికి పొగ తగ్గడం వరమే.

కాని గనిలో జరిగింది వేరు. గిరాకీ పడిపోయిన సరుకు బతకాలంటే చౌకగా దొరకాలి. చౌకగా దొరకాలంటే మనుషులు తగ్గి యంత్రాలు పెరగాలి. 1950లో కార్మిక సంఘం నాయకుడు జాన్ ఎల్. లూయిస్ కంపెనీలతో ఒక ఒప్పందం చేసుకున్నాడు. యంత్రాలకు సంఘం అడ్డు చెప్పదు, బదులుగా కంపెనీలు టన్నుకు 30 సెంట్ల చొప్పున కార్మికుల సంక్షేమ నిధికి కట్టాలి. ఆ నిధితో కెంటకీ, వెస్ట్ వర్జీనియా, వర్జీనియా కొండల్లో పది ఆసుపత్రులు కట్టి 1956లో తెరిచారు. అంతవరకు సరైన వైద్యం ఎరగని ఊళ్ళకు అవి గొప్ప ఉపకారం. అయితే నిధికి ఆధారం టన్నులే. టన్నులు తగ్గేసరికి నిధి చిక్కిపోయింది. పదేళ్ళు తిరక్కుండానే ఆ ఆసుపత్రులను సంఘం వదులుకోవలసి వచ్చింది.

1950లో నాలుగు లక్షలు దాటి ఉన్న కార్మికులు 1960ల చివరికి లక్షన్నర లోపుకు పడిపోయారు. మిగిలినవారి ముందుకు కంటిన్యువస్ మైనర్ అనే యంత్రం వచ్చింది. పళ్ళున్న పెద్ద డోలు గిరగిరా తిరుగుతూ బొగ్గు పొరను కొరుక్కుంటూ పోతుంది. పార, గునపం లేపిన ధూళి దీని ముందు ఏపాటిది? ఉద్యోగం పోయినవాడు డెట్రాయిట్‌కో, షికాగోకో వలసపోయాడు. ఉద్యోగం నిలబడ్డవాడు ఆ ధూళి పీల్చాడు.

డాక్టర్లు సభలు పెట్టిన శీతాకాలం

1968 నవంబరు 20న వెస్ట్ వర్జీనియాలోని ఫార్మింగ్టన్ గని పేలి 78 మంది పోయారు. ఆ పొగను దేశమంతా టెలివిజనులో చూసింది. ఆ శీతాకాలమే ముగ్గురు డాక్టర్లు, బఫ్, రాస్ముస్సెన్, వెల్స్, గని ఊళ్ళన్నీ తిరిగి స్కూళ్ళలోను, యూనియను హాళ్ళలోను సభలు పెట్టారు. బఫ్ గుండె జబ్బుల వైద్యుడు. వెల్స్ కార్మికుల ఊపిరితిత్తుల నుంచి తీసిన ఎండిన ముక్కలు సభల్లో చూపించేవాడు. రాస్ముస్సెన్ పద్ధతి నాకు ఎక్కువ నచ్చింది. ఆయన కార్మికుల చేత వ్యాయామం చేయించి రక్తంలో ఆక్సిజను కొలిచాడు. ఎక్స్‌రేలో పెద్దగా ఏమీ కనిపించనివారిలో కూడా కొందరికి పనిచేసేటప్పుడు ఆక్సిజను పడిపోతున్నదని చూపించాడు. ఎక్స్‌రే బాగుంది కనుక నీకు జబ్బు లేదు పొమ్మనే వాదానికి అది జవాబు. తోటి వైద్యుల్లో చాలామంది ఈ ముగ్గురినీ మెచ్చలేదు. డాక్టరు సభలెక్కి ప్రసంగాలు చేయడమేమిటని విమర్శించారు.

1969 ఫిబ్రవరిలో యూనియను పెద్దల పిలుపు లేకుండానే వెస్ట్ వర్జీనియా కార్మికులు పని ఆపేశారు. సుమారు 40,000 మంది మూడు వారాలు సమ్మెచేసి రాష్ట్రంలో పరిహారపు చట్టం సాధించారు. ఆ ఏడాది డిసెంబరు 30న నిక్సన్ కేంద్ర చట్టం మీద సంతకం పెట్టాడు. ఘనమీటరు గాలిలో బొగ్గు ధూళి మొదట 3 మిల్లీగ్రాములు, 1972 చివరి నుంచి 2 మిల్లీగ్రాములు మించరాదన్నారు. జబ్బుపడ్డవారికి భృతి ఏర్పడింది. ఆ తరవాత మూడు దశాబ్దాలు జబ్బు క్రమంగా తగ్గుతూ వచ్చింది. చట్టం వల్ల, ధూళి కొలత వల్ల జబ్బు తగ్గుతుందనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

ఈలోగా బొగ్గుకు కాలం కలిసివచ్చింది. 1973 అక్టోబరులో అరబ్బు దేశాలు చమురు ఆపేయడంతో కొద్దినెలల్లో బారెలు ధర నాలుగింతలైంది. మన దేశంలో బొగ్గు ఉండగా పరాయి చమురెందుకన్న మాట బలపడింది. 1979 జూన్ 20న అధ్యక్షుడు కార్టర్ వైట్ హౌస్ కప్పు మీద నీళ్ళు కాచే సౌర ఫలకాలు 32 పెట్టించాడు. అవి 1986లో దిగిపోయాయి. బొగ్గు మాత్రం దేశపు కరెంటులో సుమారు సగం ఇస్తూ, 2008లో 117 కోట్ల టన్నుల రికార్డు చేరింది.

రెండోసారి

ఆ శిఖరం నుంచి దిగడం వేగంగా జరిగింది. టెక్సాస్‌లో జార్జ్ మిచెల్ కంపెనీ 1990ల చివర రాతి పొరలు చీల్చి చౌకగా గ్యాసు తీసే పద్ధతిని సాధించింది. 2016లో కరెంటు ఉత్పత్తిలో గ్యాసు బొగ్గును మించింది. 1954లో బెల్ లాబొరేటరీ వారు చూపించిన సౌర ఘటం ఎండలో 6 శాతాన్నే కరెంటుగా మార్చగలిగేది. దాని వారసులు ఇప్పుడు ఎడారుల నిండా పరుచుకున్నాయి. 2022లో గాలి, ఎండ, నీరు వగైరా కలిసి బొగ్గును దాటాయి. 2023లో బొగ్గు వాటా సుమారు 16 శాతం. తవ్వకం 2008 నాటి దాంట్లో సగానికి వచ్చింది. కార్మికులు యాభై వేలలోపే.

ఇది మంచి మార్పే. 1993లో వెలువడిన హార్వర్డు వారి ఆరు నగరాల అధ్యయనంలో, మురికిగాలి ఊరు ఒహాయోలోని స్టూబెన్‌విల్‌లో మరణాల రేటు అన్నిటికన్నా శుభ్రమైన ఊరి కంటే 26 శాతం ఎక్కువ. 1999 నుంచి 2020 వరకు బొగ్గు విద్యుత్ కేంద్రాల సన్న ధూళి వల్ల దేశంలో సుమారు 4,60,000 మంది వృద్ధులు చనిపోయి ఉంటారని 2023లో మరో పరిశోధన లెక్కగట్టింది. ఈ సంఖ్యలు చూసిన వైద్యుడెవడూ బొగ్గు పోయిందని కంటతడి పెట్టడు.

అయితే గనిలో పాత కథే మళ్ళీ నడిచింది. అపలాచియాలో మందపు పొరలు అయిపోయాయి. సన్నటి పొర తవ్వాలంటే దాని పైనా కిందా ఉన్న రాయిని కూడా కోయాలి. రాతిలో సిలికా ఉంటుంది. గోరుచుట్టు మీద రోకలిపోటు! బొగ్గు ధూళి కంటే అది ఎన్నో రెట్లు చెడ్డది. 2013 నుంచి 2017 దాకా నైరుతి వర్జీనియాలోని మూడు క్లినిక్కుల్లోనే బాగా ముదిరిన బ్లాక్ లంగ్ కేసులు 416 దొరికాయని 2018లో ప్రచురించారు. 1990లలో దాదాపు కనుమరుగైన రూపమిది. నేను పనిచేసిన కొండ ప్రాంతంలో తండ్రి ఎక్స్‌రే, కొడుకు ఎక్స్‌రే పక్కపక్కన పెట్టి చూసిన సందర్భాలున్నాయి. డెబ్భై ఏళ్ళ తండ్రి ఎక్స్‌రే కంటే నలభై అయిదేళ్ళ కొడుకు ఎక్స్‌రే చెడ్డగా ఉంది. తండ్రి గనిలో ఎక్కువకాలం పనిచేశాడు. కొడుకు ఎక్కువ రాయి కోశాడు.

ఇక భృతి ఎవరివ్వాలి? కంపెనీలు ఒక్కొక్కటే దివాలా తీస్తే ఆ భారం ప్రభుత్వ నిధి మీద పడింది. 2019 జులైలో కెంటకీలోని హార్లన్ కౌంటీలో బ్లాక్‌జ్యూయెల్ కంపెనీ దివాలా తీసి జీతాలు ఎగ్గొడితే, కార్మికులు రైలు పట్టాల మీద కూర్చుని బొగ్గు బండిని ఆపారు. 2022 చట్టం బొగ్గు మీద పన్నును శాశ్వతం చేసి ఆ నిధిని కొంత ఆదుకుంది. కాని ఆ పన్ను కూడా టన్నుల లెక్కనే. లూయిస్ నిధికి వచ్చిన చిక్కే దీనికీ ఉన్నది. సిలికా ధూళిని సగానికి తగ్గించే నిబంధన 2024లో వచ్చింది. దాని అమలు 2025లో వాయిదా పడింది.

మనకు దీంతో ఏమి పని?

రెండు కారణాలు. 1965 వలస చట్టం తరవాత వచ్చిన భారతీయ వైద్యుల్లో చాలామంది, ఇక్కడి డాక్టర్లు వెళ్ళని ఈ గని ఊళ్ళలోనే కాపురం పెట్టారు. వారిలో గుంటూరు, విశాఖ, ఉస్మానియా కాలేజీల్లో చదువుకున్న మనవారూ ఉన్నారు. వీసా నిబంధనల వల్ల ఇప్పటికీ కుర్ర డాక్టర్లు అక్కడికి వెళ్తూనే ఉన్నారు. భృతి కాగితాల మీద సంతకం పెట్టే చెయ్యి తరచు మనదే. ఆ కాగితం వెనక చరిత్ర మనకు తెలిసి ఉండాలి.

రెండోది మన ఊరి సంగతి. 1871లో ఇల్లందు దగ్గర డాక్టర్ విలియం కింగ్ బొగ్గు కనుగొన్నాడు. 1886లో హైదరాబాద్ డెక్కన్ కంపెనీ ఏర్పడింది, 1920లో అదే సింగరేణి అయింది. కొత్తగూడెం, రామగుండం దీపాలు ఆ బొగ్గువే. ఇటు కర్నూలులో వెయ్యి మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రం 2017లో పూర్తయింది. సింగరేణి కూడా సొంతంగా సౌర కేంద్రాలు పెట్టుకుంటున్నది. అక్కడ బొగ్గు ఇంకా బాగానే అమ్ముడుపోతున్నది. అమెరికా చేయలేని పనులు చేయడానికి సరైన అదను అదే. ప్రతి కార్మికుడి ఊపిరీ ఏటేటా కొలవాలి, ధూళి లెక్క దాచకుండా బయటపెట్టాలి. రేపటి వైద్యానికి నిధి ఇవాళే, ఈ లాభాల్లోంచే, పక్కన పెట్టాలి. పర్మనెంటు కార్మికుడితోపాటు కాంట్రాక్టు కార్మికుణ్ణీ అందులో చేర్చాలి.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని మన పెద్దలు అన్నారు. అమెరికాలో దీపం మారిన రెండుసార్లూ ఇల్లు చక్కబెట్టడం ఆలస్యమైంది. ఆ ఆలస్యానికి మూల్యం ఎవరు చెల్లించారో ఎక్స్‌రేలు చెప్తున్నాయి.