గుప్పెడు జొన్నలు

దగ్గరికి జరగండి పిలకాయలారా. ఆ కంపని మంటలోకి తొయ్యండి. వాచ్‌నైట్ ఆరాధన అయిపోయింది, ఇప్పుడు పడుకుంటే ఇంక కొండకి లేవలేరు. తెల్లారకముందే ఎక్కాలి గదా. ఏటేటా ఆ ప్రార్థన కొండ ఎందుకు ఎక్కుతామో మీలో ఎంతమందికి తెలుసు?

1854 జనవరి ఒకటో తారీకు. ఇట్టాంటి చలే అయ్యుంటది. నెల్లూర్లో పనిచేసే మిషనరీ జ్యూయెట్ దొర, ఆయన భార్య, మనోళ్లు ఇంకో ముగ్గురు, మొత్తం ఐదుగురు పొద్దు పొడవకముందే ఒంగోలు కొండెక్కి మోకరించారు. అప్పటికి ఈ ఊళ్లో మన గుడి లేదు, మన బడి లేదు. అంతకుముందు ఏడే అమెరికాలో పెద్దలు కూచోని, ఇన్నేళ్లయినా పంట కనపడని ఈ తెలుగు మిషన్ని మూసేద్దామా అని మాట్లాడుకున్నారు. అట్టాంటి రోజుల్లో ఈ ఐదుగురూ ప్రార్థన చేసుకుని, మళ్లీ తమ పనికి తాము పోయారు. పన్నెండేళ్లకి, 1866లో, అదే మిషన్ వాడైన క్లౌ దొర ఒంగోలు వచ్చి కాపురం పెట్టాడు. మరుసటి ఏడు జనవరి ఒకటినే ఎనిమిది మందితో ఇక్కడ సంఘం కట్టారు.

మీకు సండే స్కూల్లో ఆ తర్వాతి పెద్ద పెద్ద లెక్కలే చెప్తారు. నా మనసంతా ఆ పన్నెండేళ్ల మీద ఉంటది. ఆ కొండ మీద అడిగిందానికి జవాబు రాకుండా ఎన్ని వానలు, ఎన్ని ఎండలు పోయినయ్యో చూడండి. అన్నాళ్లు మనసు చెదరకుండా ఉండటానికి ఎంత నిమ్మళం కావాలి!

నిమ్మళంగా కూచోవటం మనకి దొరలే నేర్పారనుకోబాకండి. ఎర్రగుంట్ల పేరయ్య అని మన పెద్దల్లో ఒకాయన ఉండేవాడు. తోళ్ల వ్యాపారం ఆయనది. ఆ రోజుల్లో రాజయోగం బోధించే గురువులు మాదిగపల్లెలకీ వచ్చేవాళ్లు. పేరయ్య అట్టాంటి బోధ విన్నవాడు, కళ్లు మూసుకుని కదలకుండా కూచునే సాధన చేసినవాడు. దేవుడు ఒక్కడే, ఆయన్ని లోపల వెతుక్కోవాలి అనే ఆకలి ఆయనకి ముందే ఉంది. బేరానికి ఏలూరు వైపు పోయినప్పుడు యేసు మాట చెవినబడింది. 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ తర్వాత ఊరూరా తిరిగి చెప్పాడు. అంత తిరిగిన మనిషి మాటకి బలం యాడ నుంచి వచ్చిందనుకున్నారు? అంతకుముందు కదలకుండా కూచున్న గంటల్లో నుంచి వచ్చిందని నా నమ్మకం. క్లౌ దొర రెండో భార్య ఎమ్మా దొరసాని పేరయ్య సంగతి, ఇంకా అట్టాంటి మన పెద్దల సంగతులు అడిగి తెలుసుకుని 1899లో ఇంగ్లీషులో పుస్తకం వేయించింది. చెప్పులు కుడతా చెప్పుకునే కథలని దానికి పేరు పెట్టింది. చేతిలో ఆరె ఆడతానే ఉంటది, మనసు దేవుడి కాడ ఉంటది. మన పెద్దల భక్తి అట్టాంటిది.

ధాత కరువు గురించి ఎప్పుడన్నా తీరిగ్గా చెప్తాలే, ఇప్పుడు అప్పటి ఓపిక సంగతి ఒక్కటే. జనం ఆకలికి చస్తా ఉంటే క్లౌ దొర బకింగ్‌హామ్ కాలవలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు పట్టి పని చూపించాడు. కూలి కోసం మతంలోకి వచ్చారనే మాట పడకూడదని, కరువు తీరిందాకా ఎంతమంది అడిగినా బాప్తిస్మం ఆపేశాడు. వాళ్లు ఆగారు. అట్టా ఆగి ఆగి వచ్చినవాళ్లే 1878 జులై 3న వెలంపల్లి కాడ గుండ్లకమ్మలో దిగారు. ఒక్క రోజులో 2,222 మంది. ప్రీచర్లు ఇద్దరిద్దరు వంతులేసుకుని ఏట్లో నిలబడి, ఒక్కొక్కరికీ విడివిడిగా ఇచ్చారు. అంతమందిలో కూడా ఏ మనిషికా మనిషే.

సరే, ఇంట్లో సంగతికి వస్తా. మా అమ్మ కోడికూతకే తిరగలి కాడ కూచునేది. మాకు బియ్యం పండగలకే, మామూలు రోజుల్లో జొన్నలు, వరిగలు. తిరగల్లో పొయ్యకముందు గుప్పెడు జొన్నలు తీసి పక్కన ముంతలో పోసేది. ఆదివారం ఆ ముంత గుడికి పోయేది, దాంతో అయ్యవారి ఇల్లు గడిచేది. ఆ రోజుల్లో చాలా ఇళ్లల్లో ఉండే అలవాటే ఇది. అయితే అమ్మ ఆ గుప్పిలి వెంటనే తెరిచేది కాదు. ముంత మీద చెయ్యి పెట్టి కాసేపు అట్టానే ఉండేది, పెదాలు మాత్రం కదిలేయి. ఏంది చెప్తున్నావమ్మా అని అడిగితే, రోజుకొక పేరు చెప్తున్నాననింది. జొరమొచ్చిన పిల్లోడు, పురిటికి దగ్గరపడ్డ కోడలు, వలస పోయిన అన్న. ఒక ఏడు కోతల కూలి ఎగ్గొట్టిన ఆసామి కూడా ఆ వరసలో ఉన్నాడు. ఆయన వంతు వచ్చిన రోజు గుప్పిలి తొందరగా తెరుచుకునేది కాదు. తెరుచుకున్నాకనే తిరగలి తిరిగేది.

అమ్మకి అక్షరమ్ముక్క రాదు. ధ్యానమంటే ఏందని అడిగుంటే చెప్పగలిగేది కాదేమో. మనోళ్లకి తీరిక అనేది ఎవరూ ఇవ్వలేదు. ఉన్న పనిలోనే ఆ కాసింత జాగా తీసుకున్నారు.

రాత్రిళ్లు వేపచెట్టుకి కట్టిన రైలుపట్టా ముక్కని అయ్యవారు కొట్టేవాడు. పగలు బడి, రాత్రి గుడి, రెండూ ఆ పాకే. పొలాల నుంచి వచ్చి, నాలుగు ముద్దలు తిని, ఆ మట్టికాళ్లతోనే వచ్చి కూచునేవాళ్లు. పాట పాడినాక అయ్యవారు లాంతరు వత్తి తగ్గించి, కాసేపు ఎవరికి వాళ్లు ప్రార్థించుకోండి అనేవాడు. ఒకనాడు మా నాయన ఆ చీకట్లో గురకపెట్టాడు. అమ్మ సిగ్గుపడి మోచేత్తో పొడవబోయింది. "పడుకోనీ అమ్మా, తండ్రి ఇంట్లోనే గదా పడుకున్నాడు" అన్నాడు అయ్యవారు. ఎంత మంచిమాటో! దినమంతా మడక పట్టినోడికి దేవుడు ముందు విశ్రాంతే ఇస్తాడని మాకు ఆ రోజు అర్థమైంది. ఏలీయాకైనా అంతే గదా. ప్రాణం విసిగి చెట్టు కింద పడుకుంటే దేవుడు ముందు నిద్ర పోనిచ్చాడు, లేపి రొట్టె పెట్టించాడు. హోరేబు కొండ, గాలి, భూకంపం, అగ్ని, ఆ తర్వాత వినపడీ వినపడని స్వరం, అదంతా ఆ రొట్టె తిన్నాకే.

ఇప్పుడు గుళ్లో మైకులొచ్చినయ్, కీబోర్డులొచ్చినయ్. నేను కాదనను. మంచం దిగలేని ముసలోళ్లు ఆ మైకు పుణ్యానే ఇంట్లో ఉండి వాక్యం వింటున్నారు. కానీ ప్రార్థనలో మాటకీ మాటకీ మధ్య జాగా లేకుండా పోయింది. పాట ఆగితే ఏదో చెడిపోయినట్టు గాబరా పడతన్నారు. ఆరాధనలో ఒక్క ఐదు నిమిషాలన్నా అన్నీ ఆపమని మన పాస్టరు గారిని అడిగాను. అడుగుతానే ఉంటా.

నాకిప్పుడు తిరగలి లేదు. పొద్దున్నే కుక్కర్లోకి బియ్యం కొలిచేటప్పుడు గుప్పెడు తీసి డబ్బాలో వేస్తా, పేరు చెప్పుకుంటా. మీ పేర్లన్నీ వరసలో ఉన్నయ్. పెద్దోడు దుబాయ్‌లో ఉన్నాడు, శుక్రవారం వాడిది. ఏమ్మాయ్, హైదరాబాదు హాస్టల్లో నీ గదిలో ఉండే పిల్లకి నాయన పోయాడన్నావే, ఫీజు కట్టలేక చదువు మానేస్తానంటుందన్నావే, ఆ పిల్ల పేరేంది? గట్టిగా చెప్పు, నాకు చెవులు సరిగ్గా వినపడవు. మంగళవారం ఖాళీగా ఉంది.